పెద్ద మోటారు సైకిళ్ల ర్యాలీని ఫొటో తీయడం: ఎక్కడ నిలబడాలి, దేనికి సిద్ధపడాలి?

ప్రశ్న అడిగినవారు: అరసవల్లి దారి (శ్రీకాకుళం)

మిత్రులందరికీ నమస్కారం. రహదారి భద్రత మాసం సందర్భంగా జనవరిలో ఒక ఆదివారం ఉదయం మా ఊళ్లో హెల్మెట్ వాడకంపై అవగాహన కోసం మోటారు సైకిళ్ల ర్యాలీ తలపెట్టారు. ఆర్ట్స్ కళాశాల మైదానంలో తెల్లవారకముందే అందరూ చేరి, పొద్దు పొడిచిన కొద్దిసేపటికి బయలుదేరి, ఏడు రోడ్ల కూడలి, అరసవల్లి, గార మీదుగా కళింగపట్నం తీరానికి చేరాలన్నది ఆలోచన. నాలుగు వందల బళ్లు వస్తాయని నిర్వాహకులు అంటున్నారు. అందులో సగం వచ్చినా మా ఊరికి అది పెద్ద ర్యాలీయే. ఫొటోలు తీసే పని నాకు అప్పగించారు.

నా దగ్గర కానన్ 1500డీ కెమెరా, దానితోపాటు వచ్చిన 18-55 లెన్సు (వెడల్పు దృశ్యాలకు), విడిగా కొన్న 55-250 లెన్సు (దూరంలో ఉన్నవాటికి) ఉన్నాయి. పెళ్లిళ్లూ జాతరలూ తీసిన అనుభవం ఉంది గాని, కదిలే బళ్ల వరుసను ఎప్పుడూ తీయలేదు. నేను చూసిన ర్యాలీ ఫొటోలు చాలావరకు ఒకే తీరుగా ఉంటాయి: ముందు ఒక బ్యానరు, దాని వెనుక నాలుగు బళ్లు, ఆ వెనుక ఏముందో తెలియని మసక. వచ్చినవారి సంఖ్య ఎంత పెద్దదో చూసేవారికి తెలియాలి, అందులోని మనుషులూ కనబడాలి. ఇందుకు ఎక్కడ నిలబడాలో, ఎలాంటి సెట్టింగులు పెట్టుకోవాలో, వరుస వెంట బండి మీద వెళ్తూ తీయడం మేలో, ఒకచోట నిలిచి తీయడం మేలో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: గంటస్తంభం నీడ (విజయనగరం)

ముందుగా ఒక చిన్న లెక్క వేసుకోండి. నాలుగు వందల బళ్లు రెండు వరుసలుగా, ముందు బండికీ వెనుక బండికీ మధ్య పది మీటర్ల ఎడంతో సాగితే ఆ వరుస పొడవు 2 కిలోమీటర్లు. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వెళ్తే అది మొత్తం మీ ముందు నుంచి దాటిపోవడానికి పట్టేది 4 నిమిషాలు. ఆ తరువాత వరుసను దాటి మళ్లీ ముందుకు చేరాలంటే 2 కిలోమీటర్ల పొడవునా బళ్లను ఓవర్‌టేక్ చేయాలి. గార వైపు రోడ్డు మీద అది చేయదగిన పని కాదు. కాబట్టి దారిలో ఒకటి లేదా రెండు చోట్లకు మించి ఆశ పెట్టుకోకండి. ర్యాలీ ఫొటోల్లో మంచివి చాలావరకు బళ్లు కదలకముందే, మైదానంలోనే దొరుకుతాయి. మీరు అందరికంటే ముందు అక్కడికి చేరుకోవడం మీ లెన్సు కంటే ఎక్కువ ఉపకారం చేస్తుంది.

ఇక సంఖ్య తెలియాలంటే ఎత్తు కావాలి. రోడ్డు మీద నిలబడి తీస్తే మొదటి రెండు వరుసలే మిగతావాటిని కప్పేస్తాయి. అమెరికాలో 1938లో మొదలై నేటికీ సాగుతున్న స్టర్జిస్ ర్యాలీ అనగానే చాలామందికి గుర్తొచ్చేది ప్రధాన వీధి పొడవునా బారులు తీరిన బళ్లను పైనుంచి చూపే దృశ్యమే. మీకు ఆ అవకాశం ఏడు రోడ్ల కూడలిలో ఉంది. అక్కడ రెండో అంతస్తు ఉన్న ఏ దుకాణదారునైనా ముందురోజే వెళ్లి అడగండి. మా ఊళ్లో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి మేడలు ముందే మాట్లాడుకున్నట్టు, ఇదీ ముందే మాట్లాడుకోవలసిన విషయం. ఆదివారం ఉదయం ఆ వేళకు దుకాణాలు తెరవరు గనుక తాళం ఎవరి దగ్గర ఉంటుందో కూడా తెలుసుకుని రండి.

వెలుతురు విషయంలో మీ దారి మీకు కలిసి వచ్చింది. కళింగపట్నం శ్రీకాకుళానికి దాదాపు తూర్పున ఉంది, జనవరిలో సూర్యుడు ఆగ్నేయం వైపు ఉదయిస్తాడు. అంటే బళ్లు నడిపేవారి ముఖాల మీద, కొంచెం కుడివైపుగా, నేరుగా ఎండ పడుతుంది. మీరు వరుసకు ముందుగా వెళ్లి, సూర్యుణ్ణి వెనుక ఉంచుకుని పడమటి వైపు తిరిగి నిలబడితే చాలు. ఊరు దాటాక రోడ్డు మెల్లగా వంపు తిరిగే చోట, గట్టు మీదో కల్వర్టు పక్కనో నిలబడి, 55-250 లెన్సును 250 దగ్గర ఉంచండి. మీ కెమెరా సెన్సరు చిన్నది కావడం వల్ల అది 400 మిల్లీమీటర్ల లెన్సులా దూరాన్ని దగ్గర చేసి, బళ్లను ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు చూపిస్తుంది. షట్టరు వేగం సెకనులో 1/500 వంతు, అపర్చరు (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్/8 ఉంచి, ఐఎస్‌ఓను (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయిని) కెమెరాకు వదిలేయండి. ఫోకస్‌ను ఏఐ సర్వోలో (కదిలేదాన్ని వెంటాడుతూ ఫోకస్ మార్చుకునే పద్ధతిలో) పెట్టి, తొమ్మిది బిందువుల్లో నడిమి దాన్ని మాత్రమే వాడండి, కదిలేవాటిని పట్టుకోవడంలో ఈ కెమెరాకు అదే నమ్మకమైనది.

ఒక్క చిక్కు ఉంది. 2017 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో తయారయ్యే ద్విచక్ర వాహనాలన్నింటికీ ఇంజను ఆడుతున్నంతసేపూ హెడ్‌లైటు వెలిగే ఉంటుంది. అన్ని దీపాలు ఎదురుగా వచ్చేసరికి కెమెరా వెలుతురు ఎక్కువైందనుకుని ముఖాలను నల్లగా చేసేస్తుంది. ఎక్స్‌పోజరును మూడింట రెండు వంతుల స్టాపు (ఒక స్టాపు అంటే వెలుతురు రెట్టింపు) పెంచుకోండి. ఎల్‌ఈడీ దీపాలు కొన్ని కంటికి తెలియకుండా ఆరి వెలుగుతూ ఉంటాయి గనుక, వేగమైన షట్టరులో ఒక ఫొటోలో వెలిగిన దీపం మరుసటి దానిలో ఆరిపోయినట్టు కనబడవచ్చు. కెమెరా పాడైందని కంగారు పడకండి.

జవాబు: సరుగుడు తోట (శ్రీకాకుళం జిల్లా)

పై సలహాలతో ఏకీభవిస్తాను గాని, 1/500తో తీసిన బండి నిలిపి ఉంచిన బండిలాగే కనబడుతుందన్న సంగతి చెప్పకపోతే లోటవుతుంది. చక్రం ఆకులు కూడా గడ్డకట్టినట్టు ఉంటాయి. కదలిక తెలియాలంటే బండిని కెమెరాతో వెంటాడుతూ తీసే పానింగ్ పద్ధతి తప్పదు. ర్యాలీ వేగానికి షట్టరు 1/40 నుంచి 1/60 మధ్య సరిపోతుంది. బండి మీకు అడ్డంగా దాటే చోట నిలబడి, షట్టరు నొక్కబోయే దిక్కుకు పాదాలు తిప్పి ఉంచి, బండి దూరంగా ఉండగానే నడుము మీదుగా తిరుగుతూ దాన్ని వ్యూఫైండరులో పట్టుకుని, నొక్కిన తరువాత కూడా కాసేపు అలాగే తిరగండి. నొక్కగానే చెయ్యి ఆగిపోతే ఫొటో చెదిరిపోతుంది. కళింగపట్నం దగ్గరకు వచ్చాక సరుగుడు తోటలు ఉంటాయి. ఆ నిలువు మొదళ్లు అడ్డగీతలుగా సాగిపోయి, వాటి ముందు బండి ఒక్కటే పదునుగా నిలుస్తుంది. రెండు వరుసల్లో వచ్చే బళ్లలో ఏదో ఒకటే పదునుగా వస్తుంది కాబట్టి గుంపును వదిలి, ముందూ వెనుకా కాస్త ఖాళీ ఉన్న బండిని ఎంచుకోండి.

దీనికి సమయం మించనీయకండి. ఎండ బాగా ముదిరితే ఐఎస్‌ఓ 100 వద్ద కూడా షట్టరును 1/50కి దించాలంటే అపర్చరును ఎఫ్/22 దాకా మూయవలసి వస్తుంది. అక్కడ చిత్రం పదును తగ్గుతుంది, సెన్సరు మీది దుమ్ము చుక్కలు చుక్కలుగా బయటపడుతుంది. లెన్సు ముందు తగిలించే పోలరైజరు ఫిల్టరు ఒకటి ఉంటే వెలుతురు సగానికి పైగా తగ్గుతుంది, రంగు వేసిన ట్యాంకుల మీదా హెల్మెట్ అద్దాల మీదా మెరుపు కూడా తగ్గుతుంది. క్రోమియం మెరుపు మీద మాత్రం దాని ప్రభావం ఉండదు.

జవాబు: స్వీప్ రైడర్

నేను చాలా ర్యాలీల్లో వరుస చివర బండి నడిపేవాణ్ణి, ఫొటోగ్రాఫర్లను వెనుక నుంచి చూసేవాణ్ణి. వెనుక సీటులో వెనక్కి తిరిగి కూర్చుని తీసే విద్య దయచేసి వద్దు. వెనుక కూర్చున్నవారి బరువు అటూ ఇటూ మారితే నడిపేవారికి బండి అదుపు తప్పుతుంది, బ్రేకు పడినప్పుడు పట్టుకోవడానికి మీకు ఏదీ ఉండదు. కదులుతూ తీయాలనే ఉంటే, ముందు వెళ్లే నిర్వాహకుల కారులో వెనుక సీటులో బెల్టు పెట్టుకుని, కిటికీలోంచి బయటకు వంగకుండా తీయండి.

మలుపు దగ్గర బయటి అంచున ఎప్పుడూ నిలబడవద్దు. పట్టు తప్పిన బండి వచ్చేది అటే. లోపలి అంచున, రోడ్డుకు బాగా ఎడంగా నిలబడితే బండి వాలు కూడా మీ వైపే కనబడుతుంది. కదిలే బళ్ల మీద ఫ్లాష్ వేయకండి, తెల్లవారుజామున అది కళ్లను కమ్మేస్తుంది. మీరు ఎక్కడ నిలబడతారో వరుసకు ముందు నడిపే లీడ్ రైడరుకు ముందే చెప్పి ఉంచండి. కెమెరాను చూడగానే చేతులు వదిలి రెండు వేళ్లు చూపేవారు ప్రతి ర్యాలీలోనూ ఉంటారు, వారిని మీరు ప్రోత్సహించకుండా ఉంటే అదే పెద్ద సాయం.

ఇంకొక మాట. ఆదివారం అంటే అరసవల్లిలో సూర్యనారాయణ స్వామి దర్శనానికి వచ్చేవారి రద్దీ ఉంటుంది. వరుస అక్కడ తప్పకుండా ముక్కలవుతుంది. మొత్తం వరుసను చూపే ఫొటో కోసం ఆ చోటును నమ్ముకోకండి. బళ్లు నెమ్మదించి, ముఖాలు దగ్గరగా దొరికే చోటుగా మాత్రం అది బాగుంటుంది.

ప్రశ్న అడిగినవారు: అరసవల్లి దారి

అందరికీ కృతజ్ఞతలు. నాలుగు నిమిషాల లెక్క చూశాక వెంట తిరగాలన్న ఆలోచన మానుకున్నాను. కూడలిలో ఒక మేడ, ఊరి బయట ఒక వంపు, ఈ రెండే అనుకుంటున్నాను. పానింగ్‌కు ఆ వంపు దగ్గరే చివరి బళ్ల మీద ప్రయత్నిస్తాను. అయితే మైదానంలో తీయడం గురించి ఇంకాస్త వివరంగా ఎవరైనా చెప్పగలరా? అలాగే ఒక మిత్రుడు తన డ్రోన్ తెస్తానంటున్నాడు, దాని సంగతీ తెలుసుకోవాలని ఉంది.

జవాబు: పాత ఆర్ఎక్స్ (విజయనగరం)

మైదానంలో 18-55 చాలు. మొదట అందరూ బారులుగా నిలిపిన బళ్లను తీస్తారు, మీరు కూడా తీయండి, కాని అక్కడితో ఆగకండి. పాత బళ్ల దగ్గరకు వెళ్లండి. బుల్లెట్ ట్యాంకు మీద చేత్తో గీసిన బంగారు రంగు గీత దగ్గరగా చూస్తే కుంచె ఎత్తిన చోట కొంచెం సన్నబడుతుంది. ఆ సన్నబడిన చోటే ఫోకస్ పెట్టండి. 1996తో తయారీ ఆగిపోయిన యమహా ఆర్ఎక్స్ 100లు మన జిల్లాల్లో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి, ఇలాంటి రోజున ఒకటో రెండో తప్పక వస్తాయి. తెల్లవారి చలిలో కిక్కు కొట్టగానే సైలెన్సరు నుంచి నీలిపొగ లేస్తుంది. ఆ ఒక్కచోట మాత్రం సూర్యుడికి ఎదురుగా నిలబడి, పొగ వెనుక నుంచి వెలుతురు పడేలా తీయండి. నడిపేవాడు ఆకారంగా మాత్రమే కనబడినా పరవాలేదు.

క్రోమియం హెడ్‌లైటు గిన్నెను ఎదురుగా తీస్తే అందులో మీరే కనబడతారు, కాస్త పక్కకు జరిగి తీయండి. హెల్మెట్ పెట్టుకున్నవారిని అద్దం ఒక్క క్షణం పైకెత్తమని అడిగితే కళ్లు కనబడతాయి, ఎవరూ కాదనరు. పెట్టుకోవడం, బకిలు బిగించుకోవడం, పిల్లవాడికి తండ్రి బిగించి చూడడం, ఇవే మీ ర్యాలీ విషయానికి సరిగ్గా సరిపోయే ఫొటోలు. హెల్మెట్ అవగాహన ర్యాలీలో హెల్మెట్‌ను బండి అద్దానికి తగిలించుకుని వచ్చిన పెద్దమనిషి ఎప్పుడూ ముందు వరుసలోనే ఉంటారు. నడిపేవారికీ వెనుక కూర్చునేవారికీ హెల్మెట్ తప్పనిసరి అని మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ చెబుతుంది గనుక, ఆ ఫొటో పత్రికకు పంపేముందు నిర్వాహకులకు చూపించండి.

మైదానంలో రా ఫైళ్లు (కెమెరా కుదించకుండా ఉంచే పెద్ద ఫైళ్లు) తీయండి, రోడ్డు మీదికి వచ్చాక చిన్నవైన జేపెగ్‌కు మారండి. ఈ కెమెరా సెకనుకు మూడు ఫొటోలే తీస్తుంది, రాలో అయితే కాసేపటికే బఫరు (ఫొటోలు కార్డుకు చేరేదాకా నిలిచే తాత్కాలిక జాగా) నిండి సరిగ్గా కావలసిన బండి వచ్చేసరికి ఆగిపోతుంది. రోడ్డు పక్క దుమ్ములో లెన్సు మార్చవద్దు. వెడల్పు దృశ్యం కావాలంటే ఫోనుతో తీసుకోండి.

జవాబు: గంటస్తంభం నీడ (విజయనగరం)

డ్రోన్ గురించి. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాములకు మించని నానో డ్రోనును నడపడానికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అక్కరలేదు. అంతమాత్రాన జనం మీదుగా ఎగరేయవచ్చని కాదు. ఆ ప్రాంతం ఏ జోనులో ఉందో డిజిటల్ స్కై (డ్రోన్ల కోసం ప్రభుత్వం నడిపే వెబ్‌సైటు) మ్యాపులో చూసుకోవాలి, ర్యాలీకి అనుమతి ఇచ్చిన పోలీసు అధికారులకు డ్రోన్ సంగతి కూడా రాతపూర్వకంగా తెలియజేయాలి. తీరంలో అందరూ బళ్లు నిలిపి దిగాక, జనానికి ఎడంగా, సముద్రం వైపు నుంచి తీస్తే అభ్యంతరాలు తక్కువ. కాని జనవరిలో కూడా అక్కడ పొద్దెక్కేకొద్దీ గాలి పెరుగుతుంది, నానో డ్రోన్ తేలికైనది కనుక గాలికి త్వరగా కొట్టుకుపోతుంది. వరుస నడుస్తున్నంతసేపు మాత్రం దాన్ని సంచిలోనే ఉంచమని మీ మిత్రుడికి చెప్పండి. తల మీద శబ్దం వినగానే బళ్లు నడిపేవారు పైకి చూస్తారు.