బాత్రూమ్ మార్బుల్ మీద బోరు నీళ్ల తెల్ల పొర, యాసిడ్ కొట్టొచ్చా?

సిరి_ఇల్లు:
మాది మియాపూర్ దగ్గర అపార్ట్‌మెంట్ అండి, వాడకానికి బోరు నీళ్లే. బాత్రూమ్‌లో తెల్ల మార్బుల్ వేయించి ఆరేళ్లయింది, కుళాయి కింద బకెట్ పెట్టే చోట గుండ్రంగా తెల్లగా గట్టిపడిపోయింది, జాయింట్లలో అయితే ఉప్పు చల్లినట్టుంది. మొన్న ఎవరో చెబితే నిమ్మచెక్కతో రుద్దాను, పొర కొంచెం వదిలింది కానీ అక్కడ మెరుపు పోయి మసకగా మచ్చ పడింది, చూస్తుంటే ఏడుపొస్తోంది. ఇప్పుడు షాపులో యాసిడ్ తీసుకెళ్లమంటున్నారు, వాడొచ్చా?

రాతిపని:
మేడమ్ దండం పెడతా, యాసిడ్ మాత్రం వద్దు. బోరు నీళ్లు ఆరిపోయాక మిగిలే గట్టి పొర ఎక్కువగా కాల్షియం కార్బొనేట్, మార్బుల్ కూడా అదే. పొరని తినే పులుపు ఏదైనా రాయినీ తింటుంది, నిమ్మకాయైనా వెనిగరైనా చింతపండైనా. మీకు పడింది మరక కాదు, రాయే కరిగింది, అది ఎంత కడిగినా పోదు, పాలిష్ పెట్టించాల్సిందే.
మిగతా పొరకి ఇలా చేయండి. గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు నీళ్లలో కలిపి కాసేపు తడిగా ఉంచి, ముందు పాత ఏటీఎం కార్డు అంచుతో గీకండి. రాకపోతే కొత్త బ్లేడు, రాయికి దాదాపు ఆనించి పడుకోబెట్టి, ఒకే వైపుకి, మెల్లగా. మార్బుల్ మెత్తటి రాయి, బ్లేడు నిలబెడితే గీత పడుతుంది, అందుకే ముందు తలుపు వెనక మూల ఒకసారి చూసుకోండి. స్టీల్ పీచు అస్సలు వద్దు.

కాకినాడ_అక్క:
జాయింట్ల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి చెప్తున్నా అమ్మా, తుడిచిన నాలుగు రోజులకే మళ్లీ తెల్ల పొడి వస్తుంటే అది పైనుంచి వచ్చింది కాదు, కింద చెమ్మ ఉండి సిమెంట్‌లోని ఉప్పుని పైకి లాగుతోంది. పొడి బ్రష్‌తో దులపాలి, నీళ్లు పోసి కడిగితే మళ్లీ లోపలికే ఇంకుతుంది. మా ఇంట్లో పైపు లీకేజీ ఆపాకే తగ్గింది, అంతకుముందు ఏడాది పాటు తోముతూనే ఉన్నాను. పూర్తిగా ఆరాకే సీలర్, అదే నీళ్లు ఇంకకుండా వేసే పూత, వేయించు, తడి మీద వేస్తే చెమ్మ లోపలే ఉండిపోతుంది.

రాతిపని:
అక్క చెప్పింది కరెక్ట్. ఇంకోటి, స్నానం అయ్యాక వైపర్‌తో లాగి పొడిగుడ్డతో తుడిచేయండి, నీళ్లు రాయి మీద ఆరితేనే కదా పొర కట్టేది.

సిరి_ఇల్లు:
ఇద్దరికీ థాంక్స్ అండి. కార్డుతో అంచులే వదిలాయి, మధ్యలోది బ్లేడుతో గంటసేపు కూర్చుంటే పెంకులు పెంకులుగా లేచింది, గీత ఒక్కటి కూడా పడలేదు, కింద రాయి మెరుస్తూనే ఉంది! జాయింట్లు నిన్న దులిపాను, పొద్దున కుళాయి వైపు రెండు వరసల్లోనే మళ్లీ తెల్లగా వచ్చింది, ఆదివారం ప్లంబర్‌ని రమ్మన్నాను.