ఫేస్ వెలాసిటీ సరిగానే ఉంది, అయినా ఫ్యూమ్ హుడ్ నుంచి వాసన బయటికి వస్తోంది: ఏ పరీక్ష చేయించాలి?

ప్రశ్న (రసశాల_ఉద్యోగి)

హైదరాబాద్ శివార్లలోని ఒక చిన్న ఔషధ పరిశోధనశాలలో పనిచేస్తున్నాను. మా దగ్గర అయిదు అడుగుల వెడల్పున్న ఫ్యూమ్ హుడ్ (రసాయనాల ఆవిర్లను బయటికి లాగేసే గూడు) ఒకటి ఉంది. గత నెలలో వార్షిక తనిఖీకి వచ్చినవారు సాష్‌ను (హుడ్ ముందు పైకీ కిందికీ జరిపే గాజు తలుపును) 45 సెంటీమీటర్ల ఎత్తులో నిలిపి, గాలి వేగం కొలిచే ఎనిమోమీటర్‌తో పది చోట్ల కొలిచి, ముఖద్వారం వద్ద సగటు గాలి వేగం (ఫేస్ వెలాసిటీ) సెకనుకు 0.52 మీటర్లని రాసి, ‘పాస్’ స్టిక్కర్ అంటించి వెళ్లారు. అయితే ట్రైఇథైల్ అమీన్ అనే రసాయనం వాడిన ప్రతిసారీ, హుడ్ ముందు నిలబడినవారికి కుళ్లిన చేపల వంటి ఆ ఘాటు తెలుస్తూనే ఉంది. గాలిని బయటికి లాగే బ్లోయర్ వేగం పెంచితే సరిపోతుందని మెయింటెనెన్స్ వారు అంటున్నారు. అది నిజమేనా? వేరే పరీక్ష ఏదైనా చేయించాలా?

జవాబు (గాలిమార్గం)

ముందుగా ఆ పది అంకెలను విడివిడిగా చూడండి. సగటు ఒక్కటే చూస్తే, ఒక మూల గాలి మందగించిన సంగతి మరో మూల వేగం కింద దాగిపోతుంది. ఏదైనా ఒక వైపు 0.35 కంటే తక్కువ ఉంటే, ఆ వైపు గోడ మీద ఏసీ గానీ, తలుపు గానీ ఉన్నాయేమో గమనించండి. హుడ్ ముఖానికి అడ్డంగా వీచే గాలి, హుడ్ లోపలికి లాగే గాలి వేగంలో సగానికి మించకూడదని ఈ రంగంలో సాధారణంగా పాటించే నియమం. స్ప్లిట్ ఏసీ నుంచి నేరుగా వచ్చే గాలి ఆ హద్దును సులువుగా దాటేస్తుంది. హుడ్ ముందు పనిచేసేవారి వెనుక నుంచి మామూలు నడకతో వెళ్లే మనిషి వేగం కూడా సెకనుకు ఒక మీటరు పైమాటే కాబట్టి, అతని వెనుక ఏర్పడే గాలి లాగుడు మీ 0.52 ను మించవచ్చు.

రెండో విషయం, లోపలి అమరిక. వెనుక గోడకు ముందు బాఫిల్ పలక ఉంటుంది. దాని కింది చీలిక ద్వారానే బల్ల మీది బరువైన ఆవిర్లు డక్ట్‌లోకి (గాలిని బయటికి తీసుకెళ్లే గొట్టంలోకి) వెళ్లాలి. చాలా చోట్ల హుడ్‌ను బీరువాగా వాడి, ఆ చీలికకు అడ్డంగా రీజెంట్ సీసాలు పేర్చుతారు (మా పాత ల్యాబ్‌లోనూ ఇదే జరిగింది, పైగా ఆ సీసాల్లో సగం ఏళ్ల తరబడి ఎవరూ ముట్టనివి). చీలిక మూసుకుపోయినా సగటు వేగం పెద్దగా మారకపోవచ్చు, ఎందుకంటే అదే గాలి పై చీలిక ద్వారా వెళ్లిపోతుంది; బల్ల దగ్గర మాత్రం ఆవిర్లు సుళ్లు తిరుగుతూ సాష్ అంచు వరకు వస్తాయి.

బ్లోయర్ వేగం పెంచడం మీద నాకు నమ్మకం లేదు. హుడ్ ముందు మనిషి నిలబడగానే గాలి అతని ఇరువైపులా చీలి, ఛాతీకీ సాష్‌కీ మధ్య ఒక సుడి ఏర్పడుతుంది. వేగం పెరిగేకొద్దీ ఆ సుడి బలపడి, లోపలి ఆవిరినే ముక్కు దాకా తెచ్చే అవకాశం ఉంది. ఖర్చు కూడా తక్కువేమీ కాదు: మీ హుడ్ ముఖద్వారం గుండా ఇప్పటికే గంటకు దాదాపు 1,260 ఘనపు మీటర్ల చల్లబరచిన గాలి బయటికి పోతోంది.

జవాబు (పొగపరీక్ష)

పై మాటతో ఏకీభవిస్తున్నాను. నేను అమెరికాలో కొంతకాలం ఇవే పరీక్షలు చేశాను. అక్కడ ఆష్రే అనే ఇంజినీర్ల సంఘం రూపొందించిన ఆష్రే 110 అనే పద్ధతిలో మూడు మెట్లు ఉంటాయి: పొగతో గాలి దారిని చూడడం, ముఖద్వారం వద్ద వేగం కొలవడం, ట్రేసర్ వాయువుతో (ఎంత చేరిందో కొలవగలిగే గుర్తు వాయువుతో) పరీక్షించడం. మీకు జరిగింది రెండోది మాత్రమే. మూడో దానిలో హుడ్ లోపల నిమిషానికి 4 లీటర్ల చొప్పున సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ వదిలి, ముందు ఒక బొమ్మ మనిషిని నిలిపి, ఆ బొమ్మ నోటి దగ్గర ఎంత వాయువు చేరుతుందో ఎడమ, మధ్య, కుడి స్థానాల్లో కొలుస్తారు. ఆష్రే 110 కొలిచే విధానాన్నే చెబుతుంది, ఉత్తీర్ణత హద్దును చెప్పదు. అందుకు ల్యాబ్ వెంటిలేషన్‌పై అమెరికాలో ఉన్న జెడ్ 9.5 ప్రమాణాన్ని చూస్తారు. దాని ప్రకారం ఫ్యాక్టరీలో పరీక్షించినప్పుడు 0.05 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో ఇన్ని భాగాలు), ల్యాబ్‌లో బిగించాక 0.10 పీపీఎం మించకూడదు. ఐరోపాలో ఈఎన్ 14175 ప్రమాణం ఉంది. సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ భూతాపాన్ని కార్బన్ డయాక్సైడ్ కంటే ఇరవై వేల రెట్లకు పైగా పెంచే వాయువు కాబట్టి, దానికి బదులు వేరే వాయువు వాడగలరా అని పరీక్షించేవారిని అడగండి.

పొగ పరీక్ష మీరే చేసుకోవచ్చు, అయితే అగరుబత్తీతో వద్దు. సాల్వెంట్ల దగ్గర నిప్పు ఉండకూడదన్నది ఒక కారణం; దాని పొగ వేడిగా ఉండి తనంతట తానే పైకి లేస్తుంది కనుక గాలి దారిని సరిగా చూపదన్నది మరొకటి. హుడ్ ఖాళీ చేసి, గోరువెచ్చని నీటిలో డ్రై ఐస్ (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్) ముక్కలు వేసి బల్ల మీద పెట్టండి. ఆ చల్లని పొగ కిందనే పాకుతుంది కాబట్టి కింది చీలిక పనితీరు కంటికి కనిపిస్తుంది. తర్వాత సీసాలన్నీ మామూలుగా ఎలా ఉంటాయో అలాగే పెట్టి మళ్లీ చూడండి. ఈ రెండో పరిశీలనే ముఖ్యం.

ఇంకొక మాట. ట్రైఇథైల్ అమీన్ తక్కువ మోతాదులోనే ముక్కుకు తెలుస్తుంది, అది మీ అదృష్టం. డైక్లోరోమీథేన్ అనే సాల్వెంట్ అలా కాదు. పీల్చదగ్గ హద్దు దాటిన ఎంతో తర్వాత గానీ వాసన తెలియదు.

ప్రశ్నకర్త (రసశాల_ఉద్యోగి)

ఇద్దరికీ కృతజ్ఞతలు. నివేదిక మళ్లీ తీసి చూస్తే ఎడమ పై మూలలో 0.31, కుడివైపు 0.66 ఉన్నాయి, స్ప్లిట్ ఏసీ ఎడమ గోడ మీదే ఉంది. దాని రెక్కలను పైకి తిప్పి, వెనుక వరుస సీసాలను తీసేసి కొలిస్తే ఎడమ మూల 0.44 కు వచ్చింది. డ్రై ఐస్ పొగ బయటికి రావడం లేదు, కానీ వెనుక నుంచి ఎవరైనా నడిచినప్పుడు మాత్రం సాష్ అంచు దగ్గర ఒక పాయ బయటికి జారుతోంది. సాష్‌ను 30 సెంటీమీటర్లకు దించితే అది కూడా ఆగింది. ట్రేసర్ పరీక్ష ఏ ఎత్తులో చేయించమంటారు?

జవాబు (పొగపరీక్ష)

రెండు ఎత్తుల్లోనూ చేయించండి. పరీక్ష జరిగేటప్పుడు ఏసీ నడుస్తూ ఉండాలి, గదిలో మీ రోజువారీ రాకపోకలు సాగుతూ ఉండాలి, హుడ్‌లో మీ సామాను ఉండాలి. వాయువు బయటికి రావడం 30 దగ్గర ఆగి 45 దగ్గర ఆగకపోతే, సాష్‌కు 30 దగ్గర ఒక స్టాపర్ బిగించి, ఆ ఎత్తునే స్టిక్కర్ మీద రాయించండి.