పట్టణాల పునరుద్ధరణ నిధులు: పోటీ పెట్టి ఇవ్వాలా, అవసరం చూసి ఇవ్వాలా?

పాతవంతెన:
పరిశ్రమలు మూతపడి, నడిబొడ్డు బోసిపోయిన నగరాలకు ప్రజాధనం ఇవ్వడంలో నాకు పేచీ లేదు. అయితే అడిగినవారందరికీ పంచితే ఎవరికీ చాలదు. ప్రతిపాదనలు పిలిచి, మెరుగైన వాటికే ఇవ్వాలి.

నీటిగొట్టం:
అలా చేస్తే గెలిచేది అవసరమున్న ఊరు కాదు, దరఖాస్తు బాగా రాయగల ఊరు. చిన్న పురపాలక కార్యాలయంలో ఉండేది ఇద్దరు ముగ్గురు ఇంజనీర్లు. పగలంతా పగిలిన గొట్టం దగ్గర బురదలో నిలబడిన మనిషే రాత్రి కూర్చుని ఖర్చులు, ప్రయోజనాల పట్టికలు నింపాలి. పెద్ద నగరంలో ఆ పనికి వేరే విభాగమే ఉంటుంది. బ్రిటన్ 480 కోట్ల పౌండ్ల 'లెవెలింగ్ అప్' నిధిని చాలావరకు ఇలా పోటీ పెట్టే పంచింది. ఓడిన కౌన్సిళ్లకు దరఖాస్తు మీద పెట్టిన శ్రమ వృథా. వెనుకబడిన ఊళ్ల కోసం పుట్టిన నిధి వాటి చేతి చమురే వదిలించడం అన్యాయం.

పాతవంతెన:
మరి స్పెయిన్‌లోని బిల్బావో? ఉక్కు, నౌకా పరిశ్రమలు దెబ్బతిన్న నగరం. 1997లో గుగ్గెన్‌హైమ్ మ్యూజియం తెరిచాక ప్రపంచమంతా అటు చూసింది. సాహసించిన ప్రతిపాదనకు డబ్బు పెట్టినందుకే కదా?

నీటిగొట్టం:
మ్యూజియం కంటికి కనబడుతుంది, మురుగునీటి గొట్టం కనబడదు. నదిని శుభ్రం చేసే పని అక్కడ 1980లలోనే మొదలైంది. తీరపు భూముల కోసం ప్రభుత్వ సంస్థలు కలిసి 1992లో 'బిల్బావో రియా 2000' అనే సంస్థను పెట్టుకున్నాయి. 1995లో మెట్రో వచ్చింది. ఒక్క విడత పోటీతో అయ్యే పనులా ఇవి?

అద్దెఇల్లు:
ఇద్దరూ ఒకటి మరిచారు. ఊరు బాగుపడితే అద్దె పెరుగుతుంది. అమెరికాలో 1949 గృహనిర్మాణ చట్టం కింద మురికివాడల తొలగింపు నికర వ్యయంలో మూడింట రెండు వంతులు కేంద్రమే భరించింది. ఖాళీ చేయించిన నల్లజాతి కుటుంబాలు చాలావరకు ఆ వీధులకు తిరిగి రాలేదు. సియోల్‌లో ఎత్తు రహదారిని కూల్చి, 2005కల్లా దాని కింద కప్పేసిన చోంగ్యెచోన్ వాగును 5.8 కిలోమీటర్ల మేర తెరిచారు. వాగు అందంగానే ఉంది. అక్కడి వీధి వ్యాపారులను మాత్రం ఒక పాత స్టేడియంలోకి పంపారు, తర్వాత ఆ స్టేడియాన్నీ కూల్చారు. నిధి ఎలా పంచినా, ఉన్నవారు ఉన్నచోటే నిలిచే హక్కు ఉత్తర్వులోనే రాయాలి.

పాతవంతెన:
ఆ షరతుకు నేను సిద్ధం. అవసరం లెక్కన పదేళ్ల నిధి ఇవ్వడానికీ ఒప్పుకుంటాను. కానీ పని మొదలుపెట్టని ఊరి నుంచి డబ్బు వెనక్కి తీసుకోవాలి. అది మాత్రం వదులుకోను.