విశాఖలో కూర్మన్నపాలెం వైపు ఇల్లు తీసుకుంటే ఎలా ఉంటుంది?

దువ్వాడ కోడలు: మా ఆయనకి సెజ్‌లో ఉద్యోగం. ఎంవీపీ కాలనీ నుంచి రోజూ ఎన్‌ఏడీ జంక్షన్ దాటేసరికే ప్రాణం పోతోంది. కూర్మన్నపాలెం, వడ్లపూడి చుట్టుపక్కల చూస్తున్నాం. అక్కడ ఎలాంటివాళ్ళుంటారు? ప్రశాంతంగా ఉంటుందా? స్కూళ్ళు, నీళ్ళు, అద్దెలు... తెలిసినవాళ్ళు చెప్పండి.

బి షిఫ్ట్ బాబాయ్: మా వైపున్నంత ప్రశాంతం ఇంకెక్కడా ఉండదమ్మా. మధ్యాహ్నం సందులో బంతి చప్పుడైతే ఏదో ఒక కిటికీలోంచి కేక వినపడుతుంది. నైట్ డ్యూటీ చేసొచ్చినవాడు పడుకుని ఉంటాడు మరి. ఉక్కునగరం స్టీల్‌ప్లాంట్ క్వార్టర్లలో మా పక్కింటివాళ్ళు ఒడియావాళ్ళు, పైన బెంగాలీలు, ఎదురుగా కేరళవాళ్ళు. మా పిల్లలు నాలుగు భాషల్లో తిట్టుకునేవాళ్ళు. రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చెయ్యాలి కదా, అందరం ఇటువైపే స్థలాలు కొని కట్టుకున్నాం. ఇప్పుడు ఏ ఇంట్లో చూసినా కింద ముసలాళ్ళు, పైన అద్దెకి మీలాంటి కుర్రజంటలు. మా పిల్లలంతా హైదరాబాదు, బెంగళూరు.

ఆర్‌కార్డు మనవడు: 'మా వైపు' ఏటి బాబాయ్? మీరు డ్యూటీకొచ్చారు, మేం ఇక్కడే పుట్టాం. 1971లో ఇందిరాగాంధీ వచ్చి స్టీల్‌ప్లాంటుకి శంకుస్థాపన చేసినప్పుడు మా తాత కూడా జనంలో నిల్చుని చప్పట్లు కొట్టాడంట. భూములిచ్చిన ఊళ్ళ జనం ఆర్ కార్డులు, అదే నిర్వాసితుల పునరావాస కార్డులు, చేత్తో పట్టుకుని ఇప్పటికీ ఉజ్జోగాలడుగుతూనే ఉన్నారు. ఇక్కడ ఎలాంటోళ్ళుంటారని అడిగారు కదా మేడమ్, ఇలాంటోళ్ళం కూడా ఉంటాం.

బి షిఫ్ట్ బాబాయ్: నేను శ్రీకాకుళం నుంచి ట్రంకు పెట్టెతో వచ్చినవాణ్ణే తప్ప నీ భూమి లాక్కున్నవాణ్ణి కాదు నాయనా.

మల్కాపురం మణి: ఆ గొడవ అలా ఉంచండి. వడియాలు పెట్టుకుంటారా లేదా, అది చెప్పమ్మా ముందు. గాజువాక వైపు మా ఆడపడుచు మేడ మీద పిండి వడియాలు పెడితే నల్ల దుమ్ము పడి సాయంత్రానికి అవి నువ్వుల వడియాలైపోయాయి. తెల్ల చీర దండెం మీద వేసే మాటే లేదు.

సింటర్ శర్మ: అందరూ 'బొగ్గు, బొగ్గు' అనేస్తారు. ఆ ప్లాంటులో పనిచేసినవాడిగా చెప్తున్నా, వినండి. వేలితో రాస్తే కాటుకలా సాగిందా, బొగ్గు. ఎర్రగా అంటిందా, బైలదిల్లా నుంచి వచ్చే ఇనుప ఖనిజం. అనుమానముంటే కాగితం కింద అయస్కాంతం పెట్టి చూడండి. బొగ్గు కదలదు. హెమటైట్, అంటే ఆ ఎర్ర ఖనిజం కూడా పెద్దగా కదలదు. సింటర్, అంటే కాల్చి ముద్ద కట్టించిన ఖనిజప్పొడి, దాని దుమ్మైతే అందులో అయస్కాంతానికి అంటుకునే మాగ్నెటైట్ ఉంటుంది కాబట్టి కదులుతుంది. ఏదీ తెలుసుకోకుండా ఫిర్యాదులు రాస్తే ఎవరు పట్టించుకుంటారు?

మల్కాపురం మణి: మీ అయస్కాంతం వచ్చి మా ఆడపడుచు మేడ తుడుస్తుందాండీ?

సింటర్ శర్మ: శాస్త్రం చెప్తే వెటకారం. అయినా రిఫైనరీ గోడ పక్కన ఉండేవాళ్ళు మాకు ప్రశాంతత గురించి చెప్పాలా? 1997 రిఫైనరీ పేలుడు మర్చిపోయారా?

మల్కాపురం మణి: మర్చిపోవడమా? ఆ సెప్టెంబరు 14 తెల్లవారుజామున పిల్లల్ని చంకనేసుకుని చెప్పుల్లేకుండా పరిగెత్తాం. మా బంధువుల్లో ఒకాయన డ్యూటీకెళ్ళి తిరిగి రాలేదు. పోట్లాటలో గెలవడానికి వాడుకునే మాట కాదది. పెద్దవారని ఊరుకుంటున్నా.

ఆర్‌కార్డు మనవడు: శర్మగారూ, ఆ మాట తీసీండి.

కిరాణా కామేశ్: మా కొట్టు కూర్మన్నపాలెం జంక్షన్ దగ్గరే. మేడమ్, ఇక్కడ గొడవలుండవు, ధర్నాలుంటాయి. 2021లో స్టీల్‌ప్లాంట్ ప్రైవేటీకరణ మాట వచ్చాక వేసిన దీక్షా శిబిరం నా కళ్ళముందే నడిచింది, టీలు నా కొట్టు నుంచే వెళ్ళాయి. అప్పటినుంచి జనం నూనె ఐదు కిలోల డబ్బా మానేసి ప్యాకెట్లు కొంటున్నారు. ఉత్తరాది కుర్రాళ్ళు ఒక్కో గదికి ఆరేడుగురుంటారు. ఆవనూనె, సత్తుపిండి అడుగుతుంటే అవీ పెట్టాను. బీహార్ సత్తు అంటే ఏమిటో నాకిప్పుడు బాగా తెలుసు.

దువ్వాడ కోడలు: అద్దె సంగతి ఎవరైనా...

పెదగంట్యాడ పిల్లోడు: మా గాజువాక వైపు ఏదో ఊరవతల అన్నట్టు మాట్లాడుతున్నారేంటి అందరూ? 2005లో విశాఖ కార్పొరేషన్‌లో కలిశాం, పన్నులు సిటీ లెక్కనే కడుతున్నాం. ఎంవీపీ వాళ్ళకి మాత్రం ఎన్‌ఏడీ దాటితే అడవి.

బి షిఫ్ట్ బాబాయ్: అమ్మా, మా మేడ మీద పోర్షన్ వచ్చే నెల ఖాళీ అవుతోంది. చూసుకోడానికి రండి. మాంసం వండుకున్నా మాకేం అభ్యంతరం లేదు. గ్రైండరు మాత్రం పగటిపూట వెయ్యకూడదు, మా అల్లుడిది సి షిఫ్ట్, రాత్రి డ్యూటీ.

సింటర్ శర్మ: ఆ ఇల్లు నాకు తెలుసు. గాలి వాటం చూసుకుని తీసుకోండి.

మల్కాపురం మణి: ఇంకా అయిపోలేదా మీకు?