కరిగిపోయే మంచు మీద నడిస్తే తప్పేంటి?

పర్లాకిమిడి మాస్టారు:
పోయిన మార్చిలో అమెరికాలో మా అబ్బాయి దగ్గరికి వెళ్లాం. అక్కడ ఒక పార్కులో స్కీయింగు కోసం, అంటే కాళ్లకి స్కీలనే పొడవాటి పలకలు తగిలించుకుని మంచు మీద జారుతూ పోవడానికి, యంత్రంతో దువ్వి చదును చేసిన మంచుబాట ఉంది. మధ్యాహ్నం ఎండ బాగుందని నేనూ మా ఆవిడా దాని మీద నడిచాం. స్కీల మీద వస్తున్న ఒకాయన ఆగి గట్టిగానే మందలించాడు. వారంలో కరిగిపోయే మంచు, పార్కేమో అందరిదీ. నా తప్పేంటి?

గుణుపురం కుర్రాడు (ఇప్పుడు మినెసోటా):
కోపం తెచ్చుకోకండి మాస్టారూ, తప్పు మీదే. పేడతో అలికిన కళ్లం ఆరకముందే ఎవరైనా తొక్కితే మీరు ఊరుకుంటారా? మార్చిలో పగలు మంచు మెత్తబడి కాలు చీలమండ దాకా దిగిపోతుంది. రాత్రి సున్నా కిందకి పడితే ఆ గుంట రాయిలా గడ్డకడుతుంది. పొద్దున్నే వచ్చినవాడి స్కీ అందులో తగిలిందంటే మోకాలు పోయినట్టే. రెండు స్కీలూ తిన్నగా ముందుకి జరిపే క్లాసిక్ పద్ధతి కోసం తీసిన జంట గాడుల్లో నడిస్తే మరీ ఘోరం.

రాయగడ రాజు:
మరి మధ్యాహ్నం స్కీయింగు చేసేవాళ్ల మాటేంటి? మెత్తటి మంచులో స్కేటింగ్ పద్ధతిలో, స్కీలని పక్కలకి తోసుకుంటూ పోతే బాటంతా గట్లు లేవవా? నీతులన్నీ నడిచేవాడికేనా?

గుణుపురం కుర్రాడు:
అది ఒప్పుకుంటా. అందుకే మేం పది గంటలకల్లా ఇంటికొచ్చేస్తాం. తెల్లవారుజామున బాట గాజులా ఉంటుంది, స్కీ అంచు పట్టదు. ఎండ తగిలి పైపొర కాస్త వదిలాక గంటో రెండు గంటలో స్వర్గం, ఆ తర్వాత బురదే. పైగా కరిగి గడ్డకట్టిన మంచు మీద క్లాసిక్ పద్ధతిలో పోవాలంటే, పట్టు కోసం స్కీ అడుగున క్లిస్టర్ అనే జిగురు పూయాలి. పనసకాయ కోసినప్పటి పాలు గుర్తున్నాయా? అదే టైపు. చేతికి, ప్యాంటుకి, కారు సీటుకి!

బరంపురం అక్క:
మాస్టారూ, ఆ మంచంతా ఆకాశం నుంచి ఊరికే పడిందే అనుకోకండి. మినియాపొలిస్‌లోని థియోడర్ వర్త్ పార్కులో యంత్రాలతో కూడా మంచు తయారుచేస్తారు. 2024 ఫిబ్రవరి 17, 18 తేదీల్లో అక్కడ స్కీయింగు ప్రపంచ కప్ పోటీలు జరిగాయి. ఆ చలికాలం మంచు సరిగా పడనేలేదు, తయారుచేసిన మంచుతోనే నెట్టుకొచ్చారు. అదే ఏడాది పక్క రాష్ట్రం విస్కాన్సిన్‌లో పేరున్న బిర్కెబైనర్ స్కీ పోటీని 10 కిలోమీటర్ల చుట్టుబాట మీదే తిప్పితిప్పి నడిపారు. ఇంకో సంగతి, బూట్లకి అంటిన మట్టి మంచు మీద పడితే ఆ నల్లటి చోట ఎండని లాక్కుని ముందు కరుగుతుంది.

రాయగడ రాజు:
రాత్రికి యంత్రం వచ్చి మళ్లీ దువ్వుతుంది కదా అక్కా.

గుణుపురం కుర్రాడు:
సీజన్ చివర్లో ఆ ఆశ పెట్టుకోకు రాజూ. పలచబడిన చోట యంత్రం దింపితే కింద మట్టి పైకొస్తుంది. ఉన్న బాట ఉన్నట్టే వదిలేస్తారు.

పర్లాకిమిడి మాస్టారు:
కళ్లం మాట గట్టిగానే తగిలింది బాబూ. పక్కన నడకదారి వేరే ఉందని మా ఆవిడ అప్పుడే చెప్పింది, నేనే వినలేదు. అయినా ఆయన కాస్త మెల్లగా చెప్పుండొచ్చు.

రాయగడ రాజు:
నేనైతే ఒప్పుకోను. మధ్యాహ్నం బాట మూసేస్తే అందరికీ మూసెయ్యాలి.