అప్‌డేట్: అన్ని ఫోల్డర్లలో రీడింగ్ పేన్ ఒకేసారి మూసే మాక్రో

మైక్రోసాఫ్ట్ మెయిల్ ప్రోగ్రామ్ అవుట్‌లుక్‌లో ప్రతి ఫోల్డర్‌కూ విడిగా వెళ్లి రీడింగ్ పేన్ (ఎంచుకున్న మెయిల్‌ను జాబితా పక్కనో కిందో చూపే భాగం) మూయకుండా, మాక్రోతో (పనిని దానంతటదే చేసే చిన్న ప్రోగ్రామ్‌తో) పని అవుతుందా అని ఇంతకుముందు అడిగాను. అయింది! సమాధానమిచ్చిన అందరికీ మనస్ఫూర్తిగా ధన్యవాదాలు.

‘ప్రస్తుత వ్యూను ఇతర ఫోల్డర్లకు వర్తింపజేయి’ అనే మెనూ సదుపాయాన్ని కొందరు సూచించారు. మంచిదే, కానీ అది మొత్తం వ్యూను, అంటే ఫోల్డర్ కనిపించే తీరంతటినీ, మార్చేస్తుంది. ఒక్కో ఫోల్డర్‌కు నేను ఓపికగా అమర్చుకున్న కాలమ్‌లు, వరుస క్రమం పోతాయి. నాకు మారవలసింది ఒక్క లక్షణమే.

ఆల్ట్, ఎఫ్11 నొక్కి విబిఎ (మాక్రోలు రాసే భాష) ఎడిటర్‌లో చిన్న ప్రొసీజర్ రాశాను. అది ఫోల్డర్‌ను తీసుకుని, అందులో మెయిళ్లే ఉంటాయా, కరెంట్‌వ్యూ (ఆ ఫోల్డర్ ప్రస్తుత వ్యూ) టేబుల్ రకమేనా, అంటే వరుసల జాబితాయేనా అని చూస్తుంది. అవునంటే ఆ వ్యూలోని షోరీడింగ్‌పేన్ అనే లక్షణాన్ని ఫాల్స్ (వద్దు) చేసి, సేవ్ ఆదేశాన్ని పిలుస్తుంది. ఆ తర్వాత లోపలి ఫోల్డర్ల కోసం తనను తానే పిలుచుకుంటుంది. సేవ్ మాత్రం మరవకండి, అది లేకపోతే మార్పు నిలవదు. క్యాలెండర్, కాంటాక్ట్స్ జోలికి పోకుండా ఫోల్డర్‌లో మెయిళ్లే ఉన్నాయా అని చూసే పరీక్ష కూడా తప్పనిసరి.

ఇది క్లాసిక్ అవుట్‌లుక్‌కే (విండోస్‌లోని పాత డెస్క్‌టాప్ రూపానికే). విండోస్‌లోని కొత్త అవుట్‌లుక్‌లో విబిఎ పనిచేయదు. అందుకే కొత్తదానికి మారే ముందు ఆలోచించుకోండి, నేనైతే ప్రస్తుతానికి క్లాసిక్‌లోనే ఉంటాను.