టైటానిక్ కిట్టు: నడిమి ప్రొపెల్లర్‌కు రెక్కలు మూడా, నాలుగా?

కొత్తచేయి
1/400 స్కేలు టైటానిక్ ప్లాస్టిక్ కిట్టు కడుతున్నాను. అడుగుభాగం రెండు సగాలూ అతికించి ఎరుపు రంగు వేశాను. కిట్టులో నడిమి ప్రొపెల్లర్‌కు నాలుగు రెక్కలు ఉన్నాయి. అసలు ఓడకు మూడే ఉండేవని ఎక్కడో చదివాను. మార్చాలా, ఉన్నదే అతికించాలా? మార్చాలంటే ఒక రెక్క కోసేస్తే సరిపోతుందా?

సన్నబ్లేడు
మూడే. ఓడను కట్టిన హార్లండ్ అండ్ వుల్ఫ్ కర్మాగారం ఇంజనీరింగ్ నోటు పుస్తకంలో టైటానిక్ నడిమి ప్రొపెల్లర్‌కు మూడు రెక్కలు, 17 అడుగుల వ్యాసం అని రాసి ఉంది. పరిశోధకుడు మార్క్ చిర్న్‌సైడ్ ఆ సంగతి బయటపెట్టి చాలా ఏళ్లయింది. నాలుగు రెక్కలు జంట నౌక ఒలింపిక్‌వి. మనం చూసే ఫోటోలన్నీ ఒలింపిక్‌వే కాబట్టి కిట్లలోకీ అవే వచ్చాయి.

ఒక రెక్క కోస్తే సరిపోదు. నాలుగు రెక్కల మధ్య ఎడం 90 డిగ్రీలు, మూడింటి మధ్య 120. ఒకటి తీసేస్తే విరిగిన ప్రొపెల్లర్‌లా కనిపిస్తుంది. అన్నీ కోసి, మధ్య బొడిపెను నునుపు చేసి, కొత్త రెక్కలు పెట్టాలి.

రేవుపట్నం
కొత్తచేయి గారూ, నాలుగు రెక్కలదే అతికించి ముందుకు వెళ్లండి. టైటానిక్ నడిమి ప్రొపెల్లర్ కనిపించే ఫోటో ఒక్కటీ దొరకలేదు. సముద్రం అడుగున చూద్దామంటే పక్క ప్రొపెల్లర్లు కనిపిస్తాయి కానీ నడిమిది బురదలో కూరుకుపోయింది. అంటే కళ్లతో చూసి మూడు అని చెప్పగలవారు లేరు. ఉన్నది నోటు పుస్తకంలో ఒక నమోదు. మీ స్కేలులో 17 అడుగులంటే 13 మిల్లీమీటర్లు. 67 సెంటీమీటర్ల ఓడ కింద, చుక్కాని ముందు, నీడలో ఉండే ముక్క అది. దాని కోసం మొదటి కిట్టును పాడుచేసుకోకండి.

తెడ్డు
ప్రొపెల్లర్ సంగతి ఎలా ఉన్నా తుప్పు మరకలు మాత్రం వేయకండి. సౌతాంప్టన్ నుంచి 1912 ఏప్రిల్ 10న బయలుదేరిన కొత్త ఓడ, 15 తెల్లవారుజామున మునిగింది. తుప్పు పట్టే వ్యవధి ఎక్కడుంది?

సన్నబ్లేడు
రేవుపట్నం గారూ, ఫోటో లేదన్న మాట మీకు కూడా అంతే వర్తిస్తుంది. నాలుగు రెక్కలకూ ఫోటో లేదు. ఒకవైపు ఓడను కట్టినవాళ్లు తమ అవసరానికి రాసుకున్న లెక్క. మరోవైపు ఇంకో ఓడ ఫోటో. ఈ రెండింటిలో ఏది సాక్ష్యం?

పైగా ఆ రెండు ఓడలూ అచ్చుగుద్దినట్టు ఒకటి కావు. టైటానిక్‌లో A డెక్ అనే పై అంతస్తు నడవా ముందు సగాన్ని కిటికీలతో మూసేశారు, ఒలింపిక్‌లో తెరిచే ఉంది. పైన తేడా ఉండవచ్చు, కింద ఉండకూడదా? నడిమి ప్రొపెల్లర్‌ను తిప్పేది టర్బైన్. పక్కవాటిని తిప్పే పిస్టన్ ఇంజన్లు వాడి వదిలిన ఆవిరితోనే అది నడుస్తుంది. అప్పటికి ఆ పద్ధతి కొత్తది. కొత్త పద్ధతిలో రెండో ఓడకు మార్పు చేయడంలో వింత ఏముంది?

రేవుపట్నం
A డెక్ కిటికీలు ఫోటోల్లో కనిపిస్తున్నాయి, అందుకే వాటిని నేనూ పెడతాను. నా నియమం ఒక్కటే: కనిపించినదాన్ని కడతాను. నోటు పుస్తకంలో రాసినదంతా ఓడకు బిగించారని ఎలా అంటారు? కాగితం మీద మూడు రెక్కలు వేసి కర్మాగారంలో నాలుగు రెక్కలది పోతపోసి ఉండవచ్చు.

సన్నబ్లేడు
ఉండవచ్చు అన్నమాటతో ఏదైనా చెప్పవచ్చు. చూపించండి.

లంగరు
అసలు మునిగింది ఒలింపిక్ అయితే? రెండు ఓడలనూ ఒకదాని పేరుతో ఇంకొకటిగా మార్చేశారని అంటారు కదా.

తెడ్డు
శిథిలాల దగ్గర ప్రొపెల్లర్ రెక్క మీద 401 అంకె కనిపించింది. అది టైటానిక్ నిర్మాణ సంఖ్య. ఒలింపిక్‌ది 400. ఈ విషయం ఇక్కడితో వదిలేద్దాం.

మూడోకోటు
నేను కార్లు కడతాను, ఓడలు కాదు. మాకు ఈ బాధ లేదు. ఏఎమ్‌టీ కంపెనీ 1958 నుంచే ఒకే పెట్టెలో మూడు దారులు ఇచ్చింది: షోరూము కారులా కట్టు, నీ ఇష్టప్రకారం మార్చు, రేసు కారుగా చెయ్యి. పైకప్పు కోసి కిందికి దించినా, వెనక దీపాలు ఇంకో కిట్టు నుంచి తెచ్చి పెట్టినా, అది తప్పని ఎవరూ అనరు. కట్టేవాడి చేయి కనిపించడమే అందులో ఆనందం. మీరు ఒక రెక్క దగ్గర ఇంత వేడెక్కడం నాకు అర్థం కావడం లేదు.

సన్నబ్లేడు
మీరు మార్చిన కారు మార్చినదిగానే జనం ముందుకు వస్తుంది. ఫలానా రోజు ఫలానా వీధిలో నిలిచిన కారు అని మీరు చెప్పరు. టైటానిక్ అని రేకు మీద రాసి కింద బిగిస్తే మాత్రం అది 1912లో ఉన్న ఒక ఓడ. ఆ పేరు పెట్టినవాళ్లు ఆ ఓడకు జవాబుదారీ.

రేవుపట్నం
జవాబుదారీ! ఈ మాట కోసమే చూస్తున్నాను. ఒక బడి ప్రదర్శనకు 1/350 టైటానిక్ ఇచ్చాను. తాళ్లన్నీ మా వీధి కుర్రవాడు కట్టాడు. తొమ్మిదో తరగతి. వెంట్రుక లాంటి దారాన్ని పట్టకారుతో పట్టి, ఒక్క చుక్క జిగురు కూడా బయటికి రాకుండా బిగించాడు. ప్రదర్శన అయిన రాత్రి మోడళ్ల బృందంలో ఒక ఫోటో వచ్చింది. ఓడ వెనక భాగం, ప్రొపెల్లర్ చుట్టూ ఎర్రటి వలయం, కింద "మళ్లీ అదే తప్పు" అని ఒక ముక్క. తాళ్ల గురించి ఒక్క మాట లేదు. వాడు మళ్లీ కిట్టు ముట్టుకోలేదు. ఆ ఫోటో పెట్టింది మీరే సన్నబ్లేడు గారూ.

మూడోకోటు
అయ్యో.

సన్నబ్లేడు
నేనే పెట్టాను. ఎవరు కట్టారో ఓడ పక్కన పెట్టిన కార్డు మీద లేదు, ఓడ పేరు మాత్రం ఉంది. మూడు వందల మంది పిల్లలు చూసే చోట తప్పు ఉంటే చెప్పాలా వద్దా?

నా సంగతి కూడా వినండి. ఒక పోటీకి మూడు రెక్కలతో ఓడ పెట్టాను. రెక్కలు ఒక్కొక్కటీ ప్లాస్టిక్ షీటు నుంచి కోసి, ఆకురాయితో అంచులు పలచగా చేసి, మెలిక తెప్పించి కట్టినవి. నిర్ణేతల్లో ఒకరు కిట్టు పెట్టె మీద బొమ్మ చూసి, ప్రొపెల్లర్ తప్పు అని మార్కులు తగ్గించారు. నోటు పుస్తకం గురించి చెప్పబోతే "పెట్టెలో ఉన్నదే ప్రమాణం" అన్నారు. మీరు ఇప్పుడు అంటున్నది అక్షరాలా అదే. నాలుగు రెక్కల మోడల్ ఇంకొకటి జనం ముందు పెట్టినప్పుడల్లా ఆ నిర్ణేత మాటకు బలం వస్తుంది.

రేవుపట్నం
అయితే మీ కోపం ఆ నిర్ణేత మీద. దెబ్బ పడింది కుర్రవాడికి. మూడో నాలుగో నాకు ఇప్పుడు అనవసరం. రేపు ఎవరైనా ఆ బురద తవ్వి మూడని చూపిస్తే మూడే కడతాను. కానీ ఒకరు చేతులతో కట్టినదాన్ని వాళ్ల చెవిన వేయకుండా ఊరందరికీ గీత గీసి చూపించే హక్కు ఎవరికీ లేదు. నన్ను పక్కకు పిలిచి చెప్పి ఉంటే కార్డు మార్చేవాడిని.

సన్నబ్లేడు
పక్కకు పిలిచి చెప్పిన ప్రతిసారీ "చూద్దాం" అన్నారు. ఎవరూ మార్చలేదు. బహిరంగంగా పెట్టినదాన్ని బహిరంగంగానే సరిచేయాలి. కుర్రవాడి తాళ్లు బాగున్నాయి, అది ఇప్పుడు చెబుతున్నాను. ప్రొపెల్లర్ మాత్రం తప్పే.

కొత్తచేయి
నేను ఇంకా ఏదీ అతికించలేదు. మూడు రెక్కలే ప్రయత్నిస్తాను. 120 డిగ్రీలు ఇంత చిన్న ముక్క మీద ఎలా కొలవాలి?

సన్నబ్లేడు
కాగితం మీద వృత్తం గీయండి. కంపాస్ ఎడం మార్చకుండా అంచు వెంబడే గుర్తులు పెడితే ఆరు వస్తాయి. ఒకటి విడిచి ఒకటి తీసుకుంటే మూడు, మధ్యలో 120 డిగ్రీలు. బొడిపెను కేంద్రంలో నిలబెట్టి ఆ గీతల మీదుగా రెక్కలు పెట్టండి. పాత రెక్కలు కోసేముందు వాటి మెలిక ఎటు తిరిగిందో ఫోటో తీసుకోండి, కొత్తవీ అదే దిశలో ఉండాలి. బొడిపె, రెక్కలు కోసే ప్లాస్టిక్ షీటు రెండూ పాలీస్టైరీనే కాబట్టి పలచని ప్లాస్టిక్ సిమెంటు చాలు. రంగు కంచుది, మెరిసే బంగారం కాదు.

రేవుపట్నం
రెక్క మొదట్లో సన్నని తీగ గుచ్చండి, బొడిపెలో చేతి డ్రిల్లుతో రంధ్రం చేసి దింపండి. ఉత్త సిమెంటుతో నిలిచిన రెక్క దుమ్ము తుడిచేటప్పుడు ఊడిపోతుంది. తీగకు మాత్రం సూపర్‌గ్లూ వాడాలి. కార్డు మీద "మూడు రెక్కలు, కర్మాగారం నోటు పుస్తకం ప్రకారం, ఫోటో ఆధారం లేదు" అని రాయండి.

సన్నబ్లేడు
చివరి మూడు మాటలు రాయనక్కర్లేదు. నాలుగు రెక్కలు పెట్టినవాళ్లు ఎవరైనా తమ కార్డు మీద ఫోటో ఆధారం లేదని రాశారా?

రేవుపట్నం
నా ఓడ ఇంకా ఆ బడిలోనే ఉంది. ఈ వారం వెళ్లి రాసి వస్తాను. ఎర్ర గీత ఫోటో మీరు ఎప్పుడు తీసేస్తారు?

సన్నబ్లేడు
మీ కార్డు మారాక.